మంత్రిగారు కోయాల్సిన కీరదోస

పంట పండించడానికి ఇకమీదట భూమి అవసరం లేదని మంత్రి అమ్మిరాజు గారు భీమవరంలో ప్రకటించారు. ఆ మాట అనే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది. తాతల నాటి నలభై ఎకరాల వరిచేనూ రొయ్యల చెరువులుగా తవ్వించేశాక ఆయనకు మిగిలిన భూమి చెప్పుల కింద ఉన్నదే. అందుకే ‘నా బాల్కనీ - నా పొలం’ అనే మిషన్ పెట్టారు. మిషన్‌కి ఒక అధికారిని, అధికారికి ఒక కారును ఇచ్చారు. మొక్కల సంగతి తరువాత చూద్దామన్నారు.

ఆ అధికారి తాతాజీ గారు మొక్క కోసం మూడు వారాలు ఊరంతా తిరిగి, చివరికి మా ఎదురు వాటాలో దాన్ని కనిపెట్టారు. అక్కడ హారతి అనే ఆవిడ, ఒక మంచం కూడా పట్టని బాల్కనీలో ఏడు పెయింటు బకెట్లు పెట్టుకుంది. కాల్చిన చువ్వతో వాటి అడుగున కన్నాలు పొడిచి, కొబ్బరిపీచు పరిచి, మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపింది. పురుగొస్తే వేపనూనె కలిపిన నీళ్లు చల్లేది. ఆమె కూతురు నాగశ్రీకి ఆరేళ్లు. పిల్లకి కామెర్లు తగ్గాక పురుగుమందు తగలని కూరలు పెట్టమని డాక్టరు చెప్పారు. బజార్లో ఏది ఎలాంటిదో తెలియక హారతి తానే పండించడం మొదలుపెట్టింది. ఇదంతా ఏ మిషనూ లేకుండా ఎలా చేసిందో తాతాజీ గారికి అంతుపట్టలేదు.

గ్రిల్లుకి పాకిన కీరదోస పాదుకి ఆరు కాయలున్నాయి. తాతాజీ గారు వాటికి విడివిడిగా ఫోటోలు తీసి, మొదటి కోత మంత్రిగారి చేతుల మీదుగా జరగాలనీ, అంతదాకా ఎవరూ కాయ తెంపకూడదనీ ఉత్తర్వు ఇచ్చారు.

“పాప రోజూ ఒక కాయ తింటుందండి,” అంది హారతి.

“నాలుగు రోజులు బజార్లో కొనుక్కోండమ్మా, రాష్ట్రం కోసం,” అన్నారాయన.

కాయలకి కాపలాగా బుల్లబ్బాయి అనే వాచ్‌మన్‌ని వేశారు. అతని కుర్చీకి చోటు చాలక, పాలకూర వేసిన రెండు బకెట్లు మెట్ల కిందకి దించారు. ఎండ తగలక పాలకూర వారంలో పోయింది. కుర్చీ మాత్రం బాగా కుదిరింది.

నాలుగు రోజులు పద్దెనిమిది రోజులయ్యాయి. మంత్రిగారికి ఒకసారి పోలవరం, ఒకసారి ఎవరిదో గృహప్రవేశం అడ్డొచ్చాయి. ఈలోగా కాయలు పసుపు తిరిగాయి, ఆకులకి పురుగు పట్టింది. వేపనూనె చల్లుతానంటే బుల్లబ్బాయి హారతిని పాదు దగ్గరికి రానివ్వలేదు. ఆర్గానిక్ తోటలో మంత్రిగారికి పురుగు కనిపిస్తే ఇంకేమైనా ఉందా అని తాతాజీ గారు హడలిపోయారు. పర్యటనకి ముందురోజు స్ప్రేయరు భుజాన వేసుకుని ఇద్దరు మనుషులు దిగారు. హారతి గుమ్మానికి అడ్డంగా నిలబడితే, ప్రభుత్వ పనికి ఆటంకమని చెప్పి ఆమెను పక్కకి తప్పించారు. అరగంటలో పురుగన్నది లేదు. వాసనకి మేం కూడా కిటికీలు మూసుకున్నాం.

మర్నాడు మంత్రిగారు వచ్చేశారు. తాతాజీ గారు ఆ తోటలో రసాయనం అనేది లేదని సర్టిఫికెట్ చదివి వినిపించారు. మంత్రిగారు కత్తెరతో ఒక కాయ కోసి, రెండు ముక్కలుగా విరిచి, కెమెరా వైపు తిరిగి, “మొదటి ముక్క మన పాపకి,” అని నాగశ్రీ నోటి దగ్గర పెట్టారు. పద్దెనిమిది రోజులుగా ఎదురుచూస్తున్న పిల్ల, నోరు తెరిచేసింది.

హారతి మంత్రిగారి చెయ్యి పట్టుకుని ఆపింది. “దానికి నిన్న పురుగుమందు కొట్టారండి. మీరు వస్తున్నారనే కొట్టారు.”

మంత్రిగారు ఎన్నో చూసినవారు. నవ్వు చెదరకుండా ముక్కని తాతాజీ గారి వైపు తిప్పి, అనుమానం తీరేలా మీరే తినండి అన్నారు. తాతాజీ గారు శనివారం ఉపవాసమన్నారు. పీఏ గారిదీ ఉపవాసమే. వార్డు నాయకుడిదీ అంతే. బుల్లబ్బాయి కూడా దణ్ణం పెట్టి తప్పుకున్నాడు. చివరికి మంత్రిగారికి తాను కూడా ఉపవాసమేనని జ్ఞాపకం వచ్చింది. పావుగంట క్రితం మా ఇంట్లో వీళ్లందరికీ పెసరట్టు ఉప్మా వడ్డించింది మా ఆవిడే. అయినా ఇంత భక్తి ఒకేచోట నేనెన్నడూ చూడలేదు.

మంత్రిగారు క్షణం ఆలోచించి, ఈ పంటంతా హాస్టల్ పిల్లలకి కానుకగా ఇస్తున్నానని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

హారతి ఆయన చేతిలోంచి కత్తెర లాక్కుంది. మిగిలిన ఐదు కాయలూ కోసి, పాదుని మొదలంటా నరికి, ఆయన చేతిలోని ముక్కలతో సహా అన్నీ కిందనున్న మురుక్కాలవలోకి విసిరేసింది. నాగశ్రీ గ్రిల్లు పట్టుకుని కిందకి చూస్తూ ఏడ్చింది. నాకు హారతి కోసం చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు, మంత్రిగారు నా పక్కనే ఉన్నారు.

సాయంత్రానికి ఆమెకి రెండు కాగితాలు అందాయి. మొదటిది ఫ్రేము కట్టిన సర్టిఫికెట్, ఈ బాల్కనీలో పండిన కాయల్లో విషం చుక్కైనా లేదని. రెండోది నోటీసు, విషపూరితమైన కాయలను మురుక్కాలవలో పారేసి ప్రజారోగ్యానికి హాని చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. రెండింటి మీదా అదే తేదీ, కింద తాతాజీ గారి సంతకం. రెండింటికీ సాక్షి సంతకం కావాల్సి వచ్చింది. ఎదురింట్లోనే ఉన్నాను కదా అని, నేనే పెట్టాను.