రత్నమాల గారి మోకాళ్ళకి జరిగిన మర్యాద

ఆయ్, రండి రండి, దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు జేబులో పడెయ్యండి. వెనకాల ఆ గుసగుసలు ఆపితే నేను మొదలెడతాను. ఆపేరా? మరి వినండి.

ఈ లోకంలో జబ్బంటూ వస్తే మోకాళ్ళ నొప్పే రావాలండి! బీపీ వస్తే ఉప్పు మానమంటారు. షుగరొస్తే పూతరేకులు దాచేస్తారు. మోకాళ్ళ నొప్పి వస్తేనో? కుర్చీ వేస్తారు! అదీ మన కోనసీమలో వచ్చిందంటే మహారాజయోగమే!

నమ్మరా? ముక్తేశ్వరంలో రత్నమాల గారున్నారు. అరవై ఎప్పుడో దాటేసిన మనిషి. కీళ్ళవాతం వచ్చి రెండు మోకాళ్ళూ పొంగిన పూరీల్లా తయారయ్యేయి. అమలాపురంలో డాక్టరు గారు నొక్కి చూసి, "అమ్మా, నొప్పి కదా అని కూర్చుంటే కీలు బిగుసుకుపోద్ది. రోజూ పొద్దున్నే ఓపికున్నంత దూరం నడవండి. లేదంటే రేపు బాత్రూమ్‌కి కూడా ఎవరో ఒకరు పట్టుకుని తీసుకెళ్ళాలి" అన్నారు.

ఆ ఆఖరి మాట ఆవిడకి గుచ్చుకుందండి. జన్మలో ఒకరి చేత మంచినీళ్ళు తెప్పించుకోని మనిషాయె! మర్నాడే కాన్వాసు బూట్లు తొడిగి, చేతికర్ర పట్టుకుని కాలవగట్టు ఎక్కేరు.

ఎక్కేరే గానీ, నడవనిస్తేనా?

మొదటి ఇల్లు దాటకుండానే సూర్యావతి కుర్చీ పట్టుకుని రోడ్డు మీదకి పరిగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో పిన్నిగారూ, ఆ కాళ్ళేసుకుని ఏంటండీ ఈ తిరుగుడు? కూర్చోండి ముందు! పెసరట్టు పెనం మీదుంది." కాదంటే బాగుంటుందా? కూర్చున్నారు. తిన్నారు. లేచి నాలుగడుగులేస్తే ఇంకో గుమ్మం, ఇంకో కుర్చీ, ఇంకో కాఫీ! అదీ దాటితే అరటిగెలల వ్యాపారం మంగరాజు బండాపి, "మీరు నడవడమేంటండి పెద్దమ్మగారూ, మేమంతా చచ్చేమా!" అని ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపేసేడు. ఆవిడ వెళ్ళేది అటండి. దింపింది ఇటు!

అలా వాకింగుకి వెళ్ళి వెళ్ళి రత్నమాల గారు ఒళ్ళు చేసేరు. ఎవరో గట్టు మీద ఆవిడ కోసం సోఫా కూడా వేయించేరంట. నేనైతే చూడలేదు. కూర్చున్నానంతే, మెత్తగా ఉంది.

డాక్టరు గారు కేకలేసేరు. "అసలు నడుస్తున్నారా మీరు?"

"రోజూ బయల్దేరుతున్నానండి" అన్నారీవిడ. ఇంకేం అంటారు? మోకాలు అంతకు ముందు వంగినంత కూడా వంగట్లేదు.

ఇంతలో పక్క ఊళ్ళో ఒకాయన కాలం చేసేరు. రత్నమాల గారు పలకరింపుకి వెళ్ళి, గట్టు మీదుగా తిరిగొస్తున్నారు. చిత్రం చూడండి! సూర్యావతి గుమ్మంలోంచే "స్నానం చేసేక కనపడండి పిన్నిగారూ" అనేసి లోపలికి పోయింది. మంగరాజు బండి పక్కకి తప్పించి స్పీడు పెంచేడు. మరి చావింటి నుంచి వచ్చే మనిషిని గుమ్మం ఎక్కిస్తామా? బండి ఎక్కిస్తామా? కుర్చీ లేదు, కాఫీ లేదు, లిఫ్టు లేదు. ఆవిడ ఇంటిదాకా ఏకబిగిన నడిచేరు!

మర్నాడు గట్టు మీద సూర్యావతి కుర్చీతో ఎదురయ్యేసరికి, ఆవిడ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "రాయవరంలో మా గణపతి బావగారు పోయేరే. అక్కణ్ణుంచే వస్తున్నాను."

దారి ఖాళీ!

ఆ తర్వాత గణపతి గారి తమ్ముడు పోయేరు. తోడల్లుడు పోయేరు. వియ్యంకుడు పోయేరు, ఆయన వెనకాలే ఆయన వియ్యంకుడూ పోయేరు. రాయవరంలో మనుషులు పోతున్నకొద్దీ ఇక్కడ ఈవిడ మోకాళ్ళు వంగుతున్నాయండి! రేవు మెట్లు దిగి ఎక్కుతున్నారు. బజారుకెళ్ళి తన కూరలు తనే తెచ్చుకుంటున్నారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం "రాయవరంలో గాలి మంచిది కాదంట" అని అటేపు బస్సెక్కడం మానేసేరు.

ఎన్నాళ్ళు సాగుద్దండి? ఓ పొద్దున్న మంగరాజు గట్టుకి అడ్డంగా బండి పెట్టేసేడు.

"పెద్దమ్మగారూ! పోయిన గణపతి గారు నిన్న రావులపాలెం మార్కెట్లో నాతో చక్కెరకేళి గెల బేరమాడేరండీ! మీ మోకాళ్ళెలా ఉన్నాయని కూడా అడిగేరు!"

ఊరంతా మూగేసింది. ఆవిడ తల దించుకుంటారనుకున్నారా? కర్రతో నేల మీద టక్కున కొట్టేరు.

"ఆయ్, బతికే ఉన్నారు! అందరూ నిక్షేపంలా ఉన్నారు! నన్నేం చెయ్యమంటారు? కూర్చోబెట్టేవాళ్ళే గానీ నడవనిచ్చేవాళ్ళున్నారా మీలో? రేపు నా కాళ్ళు బిగుసుకుపోతే బాత్రూమ్‌కి ఎత్తుకెళ్తారా? సూర్యావతీ, నువ్వొస్తావా? మంగరాజూ, నువ్వు?"

సూర్యావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంగరాజు తన బండి టైరుకేసి చూసేడు.

చూసేరా మన మర్యాద ఎంత గొప్పదో! పెద్దవాళ్ళని నెత్తిన పెట్టుకుంటాం గానీ నేల మీద అడుగెయ్యనివ్వం. సొంత కాళ్ళతో కాస్త దూరం నడవడానికి, పాపం, ఓ చుట్టరికం మొత్తాన్ని చంపుకోవలసొచ్చింది ఆవిడకి!

మంగరాజు బండి పక్కకి లాగేడు. జనం రెండు పాయలైపోయేరు. ఆవిడ ఆ మధ్యలోంచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గట్టు చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళిపోయేరు.

కొబ్బరి దింపుకి వెళ్తూ ఆగిన త్రిమూర్తులు బుర్ర గోక్కుంటూ అన్నాడు.

"అంతా బానే ఉంది గానండీ, గణపతి గారు బతికున్నారని పాపం ఆయనకెవరు చెప్తారండి?"