పెద్దబాబు కారుకు పెట్టిన బిళ్ళ

ఆ పొద్దున షెడ్డులో మిగిలిన పని ఒక్కటే. డిక్కీ మూత మీద మోనోగ్రాం బిగించాలి. వంకీలు తిరిగిన వెండిరంగు అక్షరాల బిళ్ళ అది. వెనక రెండు పిన్నులు, ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో. వాటిని కన్నాల్లో దూర్చి లోపలి నుంచి నట్టు బిగిస్తే సరి. టీ చల్లారేలోగా అయిపోతుందనుకున్నాడు మేస్త్రి.

కారు పెద్దబాబుది. ఆయన పోయి చాలాకాలమైంది. కోళ్ళు గుడ్లు పెట్టుకునే ఆ బండిని ఇప్పుడు బాగు చేయిస్తున్నది కొడుకు. మనవలు పుట్టి, తల మీద వెంట్రుక మిగలకపోయినా ఆయన అందరికీ చిన్నబాబే. ఆస్తి ఉన్నవాడికి వయసు రాదు. షెడ్డు ఉన్న స్థలమూ ఆయనదే. "సాయంత్రం పాతకార్ల ప్రదర్శన ఉంది. బండి నాన్న ఉన్నప్పటిలా వస్తే నీ షెడ్డు పడగొట్టను" అని మాటిచ్చాడు. మేస్త్రి కాపురం కూడా ఆ షెడ్డు వెనక గదిలోనే.

"మాట నోటితో ఇచ్చాడా, కాగితమ్మీద ఇచ్చాడా?" అంది భార్య.

"పెద్దమనిషి మాటే కాగితం."

"అందుకే చింపడం తేలిక."

మేస్త్రి బిళ్ళ పట్టుకుని కారు వెనక్కి వెళ్ళాడు. కొత్త రంగులో తన మొహం కనిపించింది గానీ కన్నాలు కనిపించలేదు.

"ఒరేయ్, కన్నాలేవిరా?"

రంగు వేసింది బామ్మర్ది. "తుప్పు తిన్న కన్నాలా బావా? పుట్టీ పెట్టేశాగా."

"అవి తుప్పువి కాదురా, బిళ్ళవి."

"కన్నానికి పేరు రాసుంటుందా?"

"నీకు కన్నం కనబడితే చాలు. నీ కడుపు తప్ప అన్నీ నింపుతావు."

లోపలి వైపు జాడ ఉంటుందేమోనని మేస్త్రి మూత ఎత్తి చూశాడు. అటు కూడా రేకు అతికి అద్దంలా నున్నగా చేసి పెట్టాడు బామ్మర్ది. పనిదొంగ అయినా బాగుండేది.

నేరుగా అడిగితే గుట్టు బయటపడుతుందని, చిన్నబాబుకు ఫోన్ చేసి పాత ఫొటో ఒకటి పంపమన్నాడు మేస్త్రి. ఫొటో వచ్చింది. అందులో పెద్దబాబు కారు వెనక, సరిగ్గా డిక్కీకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన బతికినన్నాళ్ళూ జనానికి అడ్డంగానే నిలబడ్డాడు. ఫొటోలో మాత్రం పక్కకు జరుగుతాడా?

మేస్త్రి భార్యకు ఒక ఆలోచన వచ్చింది. చిన్నబాబు అక్కగారింట్లో ఆమె ఒకప్పుడు వంట చేసింది. ఆస్తి పంపకాల నాటి నుంచి అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. గదిలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"అమ్మగారూ, నాన్నగారి కారు వెనక బిళ్ళ ఏ పక్కన ఉండేదండీ?"

"ఎందుకు, పీకేశారా? ఓహో, కారు అమ్మేస్తున్నాడన్నమాట. వస్తున్నా ఉండు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది. డ్రిల్లు పట్టుకున్న మొగుడికి చెడుకబురు చెప్పకూడదని ఆమె ఊరుకుంది.

బయట మేస్త్రి కుడివైపుకు ఖాయం చేశాడు. బిళ్ళ పిన్నులను అట్టముక్క మీద గుచ్చి, ఆ అట్టను డిక్కీ మీద అతికించమని బామ్మర్దికిచ్చాడు. అట్ట అంటించాల్సిన వైపు గ్రీజు మరక ఉంది. కొత్త రంగుకు అంటుకుంటుందని బామ్మర్ది అట్టను తిప్పి అతికించాడు. అంత శ్రద్ధ. మేస్త్రి తొలిచాడు. ఎత్తు పిన్నుకు పల్లం కన్నం, పల్లం పిన్నుకు ఎత్తు కన్నం పడ్డాయి. బిళ్ళ పెడితే తాగొచ్చినవాడిలా ఒరిగిపోయింది.

"బాగానే ఉంది బావా, కాస్త తల వంచి చూస్తే."

"చిన్నబాబు తల వంచుతాడా? మన తలే వంచాలి."

అక్కడే మళ్ళీ తొలిస్తే అక్షరాల సందుల్లోంచి ఈ తప్పు కన్నాలు కనిపిస్తాయి. పుట్టీ పెట్టి రంగేస్తే ఆరడానికి రేపటిదాకా పడుతుంది. చేసేది లేక ఎడమవైపు అట్ట సరిగ్గా అతికించి, తొలిచి, బిళ్ళ బిగించారు. ముత్యంలా కూర్చుంది. కుడివైపు కన్నాలు మాత్రం రెండు కళ్ళలా చూస్తున్నాయి.

పాతసామాను పెట్టె బోర్లించినా వాటిని మూసే బిళ్ళ దొరకలేదు. అప్పుడు భార్య గదిలోకి వెళ్ళి, ఎప్పుడో చచ్చి బట్టల పెట్టెగా మారిన ఫ్రిజ్జు తలుపు మీది బిళ్ళ పెకలించి తెచ్చింది. అదీ వెండిరంగే, అదీ వంకీలే. మేస్త్రి దాని పిన్నులు కత్తిరించి, రెండువైపులా జిగురుండే టేపుతో కన్నాల మీద అంటించాడు. అరచేయి ఇంకా తీయకముందే బయట రెండు కార్లు ఆగాయి.

"నాన్న కారు అమ్ముతావురా?" అంటూ వచ్చింది అక్క.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు ప్రదర్శనకు బండి తీసుకెళ్ళడానికి వచ్చిన చిన్నబాబు.

"బిళ్ళ పీకేశారటగా. ఎడమవైపు ఉండాలి అది."

"నీకేం తెలుసు? కుడివైపు."

ఇద్దరూ కారు వెనక్కి నడిచారు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. షెడ్డు, గది, పొయ్యి అన్నీ ఆ టేపు మీదే వేలాడుతున్నాయి.

అక్క ఎడమ బిళ్ళను తడిమింది. చిన్నబాబు కుడి బిళ్ళ మీద వేలు పెట్టాడు. "ఇదే అక్కా. దీని మీదే నాన్న నా చేత అక్షరాలు దిద్దించాడు" అని కళ్ళు తుడుచుకున్నాడు. తండ్రి భూమి గజం గజం గుర్తున్న బిడ్డలు వీళ్ళు.

"అంటే రెండు ఉండేవిరా. ఇద్దరం నిజమే చెప్పాం." అక్క తమ్ముడి భుజం మీద చేయి వేసింది. "ఈ కారు మళ్ళీ మనల్ని కలిపింది. దీన్ని ఇక కదపొద్దు. ప్రాణం పోసుకున్న చోటే అద్దాల గది కట్టిద్దాం."

"ఇక్కడే కట్టిద్దాం అక్కా."

"మరి షెడ్డు బాబుగారూ?" అన్నాడు మేస్త్రి. "పడగొట్టనన్నారు."

"మాట తప్పుతానా? పడగొట్టను. రేకులేగా, విప్పేస్తే పోతుంది. ఆ పనీ నీకే ఇస్తాలే."

బామ్మర్ది బావ చెవి దగ్గరికి జరిగాడు. "అది ఫ్రిజ్జు బిళ్ళని చెప్పెయ్యనా?"

"చెప్తే మనం దొంగలమవుతాం. వాళ్ళు మాత్రం నాన్న బిడ్డలే."

రేకులు విప్పడం అయ్యాక సామాను తోపుడుబండి మీదికెక్కింది. అన్నిటికన్నా పైన ఫ్రిజ్జు. దాని తలుపు మీద రెండు కన్నాలు. బామ్మర్ది వాటిని వేలితో తడిమాడు.

"పుట్టీ పెట్టనా బావా?"

"పెట్టు," అన్నాడు మేస్త్రి. "ఇక మిగిలిన పని అదొక్కటే."