కేసు లేని దవాఖానా

"విషజ్వరాల ఎమర్జెన్సీ ముగిసేదాకా ఈ జిల్లాల ఏ దవాఖానా మీద కేసుండదు. డాక్టర్లు నిర్భయంగ వైద్యం చెయ్యాలె!"

భద్రాచలం సభలో మంత్రిగారు ఇలా ప్రకటించగానే ముందు వరసలో కూర్చున్న డాక్టర్ సారంగపాణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, ఇరవై ఏళ్లుగా ఆయన భయపడుతూనే వైద్యం చేస్తున్నాడు.

దుమ్ముగూడెం రోడ్డులోని తన నర్సింగ్‌హోంకు చేరగానే కేసులుండవన్న ఆ జీవోను నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించి గేటుకు కట్టించాడు. ల్యాబుకు తాళం వేయించాడు. రిపోర్టులు రేపు కోర్టులో చూపించుకోవడానికే కదా, కోర్టే లేనప్పుడు జనం రక్తం పాడుచేయడం దేనికి? చదువుకున్న నర్సులను ఇంటికి పంపేసి ఇంజెక్షన్ల బాధ్యత వాచ్‌మన్ రాందాస్‌కు అప్పగించాడు. రాందాస్‌కు మొదటినుంచీ భయమనేది లేదు.

మూడో రోజున జమ్లి అనే కూలీ ఆమె జ్వరంతో వణుకుతున్న భర్త హీరాలాల్‌ను తమ తండా నుంచి ఆటోలో తీసుకొచ్చింది.

"ఏలు గుచ్చి నెత్తురు సూడరా సారూ? మా తండాకొచ్చే ఆశక్క ముందుగాల గదే చేస్తది."

"ఆమెకు భయముంటదమ్మా. మాకు లేదు," అన్నాడు సారంగపాణి.

రాందాస్ సూది పొడిచాడు. సాయంత్రానికి హీరాలాల్ చెయ్యి మోచేతి దాకా నల్లబడింది.

"కుడి చెయ్యి సారూ! చెయ్యి పోతే కూలికెవరు పిలుస్తరు? ఖమ్మం పెద్ద దవాఖానాకన్న రాసియ్యుండ్రి," అని జమ్లి కాళ్లమీద పడింది.

"రాసిస్తే నాకు వైద్యం రాదని ఒప్పుకున్నట్టయితది."

ఆయన ఆమెను గేటు దాకా నడిపించి, ఫ్లెక్సీని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాడు. సిగ్గులేకపోతే ఎంత ఓపిక వస్తుందో!

నాలుగు రోజుల్లో నూట నలభై మందికి వైద్యం, ఫిర్యాదులు సున్నా. ఆ ఘనతకు మర్నాడు మంత్రిగారు స్వయంగా సన్మానానికి విచ్చేశారు. శాలువా కప్పబోతూ ఉన్నట్టుండి గడగడ వణికిపోయారు. శాలువా తామే కప్పుకున్నారు.

"ఏసీ రూం రెడీ సార్! రాందాస్, సూది తే!" అని సారంగపాణి ఉత్సాహంగా కేకేశాడు.

మంత్రిగారు పీఏ చెవి దగ్గరికి వంగారు.

"మన జీవో హైదరాబాద్‌ల నడుస్తదా?"

"నడవది సార్. ఈ జిల్లాకే."

"అంటే హైదరాబాద్ డాక్టర్ల మీద కేసు పెట్టొచ్చు?"

"పక్కా సార్."

"అయితే బండి తియ్యి, జల్దీ!"

ఆ మాటలు చెవిన పడ్డ జమ్లి పరుగెత్తుకొచ్చి కారు తలుపు పట్టుకుంది.

"గా కేసు పెట్టే దవాఖానాకే మమ్ముల గూడ తోల్కపోండ్రి సారూ. డిక్కీల కూసుంటం."

మంత్రిగారు ఆమెకేసి దయగా చూశారు.

"నీకేం భయం తల్లీ? నువ్వు మా జిల్లాల ఉన్నవ్," అని అద్దం ఎక్కించుకున్నారు.