ఫ్లాష్ లేని ఫోటో, పత్తా లేని లెన్సు

“ప్రపంచంలో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే కారణం ఒక్కటే బావా. నేను ఒక్కణ్ణే ఉన్నాను” అని ప్రకటిస్తూ డిటెక్టివ్ డేగ ఫోటో స్టూడియోలో అడుగుపెట్టాడు. ఆ అడుగు కెమెరా స్టాండుకి తగలడంతో మిగతా ప్రవేశం బోర్లా పడి పూర్తిచేశాడు.

డేగ అన్నది తనకు తనే పెట్టుకున్న పేరు. బతుకుతెరువు చెప్పుల షాపులో. స్టూడియో ఓనరు భార్యకు స్వయానా తమ్ముడు కాబట్టి ఓనరు అతన్ని లేవదీసి, దుమ్ము దులిపి, కుర్చీలో కూర్చోబెట్టాడు.

“చెప్పు బావా, శవం ఎక్కడ?”

“శవమూ లేదు, గివమూ లేదు. నా ఫిఫ్టీ లెన్సు కనపడటం లేదురా. అది లేకపోతే ఈ సాయంత్రం నా పని గోవిందా.”

పాపం, అతని బాధ నిజమైనదే. ఊళ్ళో సగం మొహాలు ఆ గోడల మీద నవ్వుతుంటాయి. కట్టుకున్న భార్య మొహం మాత్రం వాటిల్లో లేదు. ఫ్లాష్ వెలిగినా, మొహాన ఎండ పడినా చాలు, ఆవిడ కళ్ళు టక్కున మూసుకుంటాయి. పెళ్ళి ఆల్బమ్ ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా పెళ్ళికూతురు కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. ఈ సాయంత్రం ఆవిడ ఆఫీసు వాళ్ళ నాటకంలో మొదటిసారి వేషం వేస్తోంది. కరెంటు పోయిన ఇంట్లో, ఒక్క లాంతరు ముందు నిలబడే సీను. ఫ్లాష్ లేకుండా, కళ్ళు తెరిచి ఉన్న భార్యను ఒక్కసారి ఫోటో తియ్యాలన్నది అతని ఆశ.

“లెన్సులు బోలెడున్నాయిగా” అంటూ డేగ చెయ్యంత పొడుగున్న జూమ్ లెన్సు అందుకున్నాడు. “దీనికేం తక్కువ?”

“వెలుతురు తక్కువ. అది ఎంత దూరమైనా చూస్తుంది గానీ చీకట్లో గుడ్డిది. నా ఫిఫ్టీ పొట్టిదే, అయితే నోరు ఇంత తెరిచి, ఉన్న కాస్త వెలుతురూ గటగటా తాగేస్తుంది. తోడుగా స్పీడు ఫిల్మ్ వేస్తే లాంతరు వెలుగు చాలు. బొమ్మ కాస్త ఇసక చల్లినట్టు వస్తుంది. రానీ, నాకేం ఫర్వాలేదు.”

డేగ గొంతు తగ్గించాడు. “చీకటిని జయించే ఆయుధమన్నమాట. బావా, ఇది దొంగతనం కాదు. అంతర్జాతీయ కుట్ర.”

వెంటనే నేలమీద పడుకుని అడుగుజాడలు పరిశీలించాడు. “సైజు తొమ్మిది. ఎడమ మడమ అరిగింది. కరడుగట్టిన నేరస్థుడు.”

“అవి నా చెప్పులురా.”

“నిందితుడు నేరం ఒప్పుకున్నాడు.”

ఓనరు తల పట్టుకుని, లెన్సు కోసం బీరువా ఇంకోసారి గాలిద్దామని లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి డేగ కిటికీ దగ్గర, ఎండలో, రీలులోంచి ఫిల్మ్ బారెడు బయటికి లాగి చూస్తున్నాడు.

“బావా, ఘోరం. సాక్ష్యాలు తుడిచేశారు. దీంట్లో ఒక్క బొమ్మ కూడా లేదు.”

“ఇంకా తియ్యని ఫిల్ములో బొమ్మలెలా ఉంటాయిరా? ఉన్న ఒక్క స్పీడు ఫిల్మూ ఎండకి బలిచేశావు కదరా” అని ఓనరు కుర్చీలో కూలబడ్డాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఇక మిగిలింది పట్టపగలు పార్కులో పిల్లల్ని తీసే మామూలు ఫిల్మ్. దాన్నే కెమెరాలో వేసి, ఆ గుడ్డి జూమ్ తగిలించుకుని, సాయంత్రం ఉసూరుమంటూ నాటకానికి బయల్దేరాడు.

మేకప్ గదిలో భార్య అతన్ని చూసి, “అలా ఉన్నారేమండీ?” అంది. అతను సమాధానం వెతుక్కునేలోపే, “ఎవరూ కదలొద్దు” అంటూ వెంట వచ్చిన డేగ బల్ల కిందికి దూరాడు. చెప్పుల్ని బట్టి దొంగని పట్టేస్తాడట. అతని కోటు గుండీ అక్క హ్యాండ్‌బ్యాగు పట్టీకి చిక్కుకుంది. విదిలించుకోబోతే బ్యాగు బోర్లా పడింది. దువ్వెన, పిన్నీసులు, పౌడరు డబ్బా, వాటి వెనకాలే ఫిఫ్టీ లెన్సు దొర్లుకుంటూ వచ్చాయి.

ఆవిడ తల దించుకుంది. “డైలాగుల అక్షరాలు మరీ చిన్నవండీ. ఇది పెట్టి చూస్తే పెద్దగా కనపడుతున్నాయి.”

“చదవలేకపోతున్నానని నాతో చెప్పొచ్చుగా?”

“కళ్ళద్దాలొచ్చే వయసైందని మీతోనే చెప్పకూడదనుకున్నాను.”

“నాకు మొదటి నుంచీ అక్క మీదే అనుమానం” అన్నాడు డేగ బల్ల కింద నుంచి.

లెన్సు దొరికింది సరే, ఆ నెమ్మది ఫిల్ముకి వెలుతురు చాలాలంటే షట్టరు కాసేపు తెరిచే ఉండాలి. ఈలోగా ఆవిడ కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. ఆవిడేమో మాటకో చెయ్యి ఊపుతోంది. ఓనరు స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి కాచుకున్నాడు. సీను అయిపోవస్తోంది. అతను ఆశ వదిలేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, లెన్సుకి కాపలాగా ముందు వరసలో నిలబడ్డ డేగ కూర్చోబోయి, పక్కన ఖాళీగా ఉన్న మడతకుర్చీల వరసనంతా వెంటేసుకుని దభీమని పడ్డాడు. స్టేజీ మీద ఆవిడ డైలాగు మర్చిపోయింది. చెయ్యి ఎక్కడిదక్కడ ఆగింది. రెండు కళ్ళూ ఇంతింత చేసి తమ్ముడి వైపు అలాగే చూస్తుండిపోయింది.

క్లిక్.

“ఒక్కచోట కుదురుగా ఉండలేవురా?” అందావిడ చివరికి. అది కూడా నాటకమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఫోటో తయారయ్యాక ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, చెయ్యి చాపి చూసింది. “ఎలా ఉన్నానండీ?”

“నా జన్మలో ఇంత మంచి ఫోటో తియ్యలేదు.”

“అయితే నేనూ సరిగ్గా చూడాల్సిందే. రేపు కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళండి.”

“దొంగ లొంగిపోయింది. కేసు క్లోజ్” అన్నాడు డేగ.

ఆవిడ తమ్ముడి వైపు మళ్ళీ అదే చూపు చూసింది. ఓనరు కెమెరా కోసం పరుగెత్తాడు.