క్రోనోమీటరు మొగులయ్య

తప్పు చేయడం నేరం కాదు, రోజుకో రకంగా తప్పు చేయడమే నేరం. పాతబస్తీలోని సర్కారీ సమయ తనిఖీ కచేరీ ఈ మహాసత్యాన్ని పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరంలో, విలాయతు నుంచి ఓడల మీద వాడే క్రోనోమీటరు గడియారం దిగిన కొన్నాళ్లకు కనుగొన్నది.

మఖ్మల్ పరిచిన పెట్టెలో రాజాలా వచ్చిన ఆ యంత్రం రోజూ కాస్త వెనకబడేది. గుమాస్తాలు బిత్తరపోతే కచేరీ పెద్ద, నాజిం రంగనాథ్ గారు దాని అర్థం వివరించారు. మామూలు గడియారం ఓరోజు ముందు, ఓరోజు వెనక నడుస్తుంది, దాన్ని నమ్మలేం. క్రోనోమీటరు ఎప్పుడూ అంతే వెనకబడుతుంది. ఆ తేడా కలుపుకుంటే అసలు టైము దొరుకుతుంది. (కలపడానికి ఒక మున్షీని, ఆయన కలిపాడో లేదో చూడడానికి మరో మున్షీని నియమించారు.)

ఈ మాట విని ప్రాణం లేచివచ్చినవాడు గుమాస్తా మొగులయ్య. ఉప్పుగూడలో అతని ఇంటి బర్రె అతను పిండడానికి కూర్చుంటే తప్ప పాలు చేపదు. పాలు పిండి కచేరీకి వచ్చేసరికి రోజూ అరగంట ఆలస్యం. బర్తరఫ్ చేస్తామన్న నోటీసు అప్పటికే జేబులో ఉంది. పెళ్లాం పిల్లలు పాపం అతని జీతం మీదే బతకాలి. ధైర్యం చేసి నాజిం గారి ముందు నిలబడ్డాడు.

"హుజూర్, నేను సుత రోజూ అరగంటే లేటొస్తున్న. ఎన్నడన్న ఎక్కువైందా, తక్కువైందా?"

నాజిం గారు న్యాయం తెలిసిన మనిషి. కొన్నాళ్లు పరీక్షించి, నోటీసు రద్దు చేసి, మొగులయ్యకు క్రోనోమీటరుతో సమానమైన దర్జా ఇస్తూ హుకుం జారీ చేశారు. ఆలస్యంలో తేడా వస్తే కొలువు పోతుందని షరతు. అతను గేటు దాటడం చూసి గోడ గడియారాలు సరిచేసేవారు. బర్రె త్వరగా పాలిచ్చిన రోజు మొగులయ్య దబీర్‌పురా స్టేషన్ గడియారాన్ని చూస్తూ, ఆలస్యమయ్యేదాకా బుద్ధిగా కూర్చునేవాడు.

ఒకరోజు అక్కడ నాజిం గారి మోటారు ఆగింది. దయగల ప్రభువు, ఎక్కమన్నారు. వద్దంటే బేఅదబీ అవుతుందని మొగులయ్య ఎక్కాడు. కచేరీ తెరిచే వేళకు ఇద్దరూ దిగారు. దిగీ దిగగానే నాజిం గారు, వేళకు వచ్చినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు.

"హుజూర్, తోల్కొచ్చింది మీరే గద."

"గది వేరే మాట, మొగులయ్యా. మోటారు ఎక్కిచ్చింది రంగనాథ్. సంజాయిషీ అడుగుతున్నది నాజిం."

మధ్యాహ్నానికల్లా బర్తరఫ్ అయింది. ఆ ఖాళీలో నాజిం గారి బావమరిదిని వేశారు. ఆయన ఇంతవరకు కచేరీకి ఒక్కరోజూ రాలేదు. ఆయన హాజరు తనిఖీలో ఒక్క సెకను కూడా తేడా కనబడలేదు.