జరిగింది చెప్పరాదు, జరగబోయేది చెప్పరాదు: ‘గల్లీ మాట’ రేడియో చరిత్ర

ప్రపంచంలో మాటల రేడియోలు చాలా ఉన్నాయి. ఒక్క పనికొచ్చే మాట బయటికి పోకుండా ఇన్నేళ్లు నడిచింది మాత్రం కరీంనగర్ పక్కన మా ఊరి ‘గల్లీ మాట’ ఒక్కటే. ఇంత ఘనత ఊరికే రాలేదు. దీనికో చరిత్ర ఉంది.

మొదటి ఏడాదిని అనాగరిక యుగం అనాలి. ఎవడు పడితే వాడు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు మాట్లాడేవాడు. మురికినీటి మోరీ పొంగిందని ఒకామె చెబితే మధ్యాహ్నానికి మోరీ సాఫ్ అయింది. మార్కెట్ యార్డు గేటు తియ్యలేదని ఒక రైతు చెబితే, యార్డు కార్యదర్శి బాలమల్లు చాయ్ గ్లాసు వదిలి తాళంచెవితో ఉరికాడు. (ఆయన ఎవరి ఫోనూ ఎత్తడు. రేడియో మాత్రం పొద్దంతా వింటాడు.) ఇలాంటి దారుణాలు చూస్తూ ఊరుకుంటారా? రేడియో కమిటీ వాళ్లు మాటల శుద్ధి అధికారిగా రాంచందర్‌ను దింపారు.

లైసెన్సు కాగితంలో ‘వార్తలు చెప్పరాదు’ అని ఉంది. మామూలు మనిషైతే చదివి మడిచి పెడతాడు. రాంచందర్ ఆలోచించాడు. వార్త అంటే ఏమిటి? జరిగింది. కనుక జరిగినదేదీ చెప్పరాదు. పెళ్లి శుభాకాంక్షలు కూడా ముందురోజే చెప్పాలి. తర్వాత ఇంకా లోతుగా ఆలోచించి, జరగనిది చెప్పడం పుకారని తేల్చాడు. (పెళ్లికొడుకు పారిపోతే బాధ్యులెవరు?) శుభాకాంక్షలూ బంద్.

మిగిలింది మునగాకు. దాని లాభాలు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. దుబాయిలో ఉన్న మనవాళ్లు ఊరి ముచ్చట కోసం రేడియో యాప్ పెడితే మునగాకు వినబడుతుంది. ఊరంతా ఆరోగ్యంగా ఉందనుకుని నిశ్చింతగా పడుకుంటారు.

ఇట్లా ప్రశాంతంగా ఉండగా కనకవ్వ ఫోన్ చేసింది. ఏడాది పత్తి పంటంతా ట్రాక్టర్‌లో యార్డుకు తెచ్చింది. సర్వర్ పనిచేయడం లేదని గేటుకు తాళం. షెడ్లు లోపల, పత్తి బయట.

“బిడ్డా, గేటు తియ్యుమని జర రేడియోల చెప్పు. మొగులు పట్టింది, పత్తి తడుస్తది.”

అనౌన్సర్ మహేశ్వరి రాంచందర్ వైపు చూసింది. ఆయన ఫోన్ అందుకున్నాడు.

“తడిసిందా అవ్వా?”

“ఇంక తడవలే సారూ. గందుకే ఫోన్ జేసిన.”

“తడవనిది తడుస్తదంటె పుకారైతది.”

“మరి తడిసినంక చెప్తరా?”

“తడిస్తె వార్త. వార్తలు మనకు బంద్.”

“తడుస్తాంటెనో?”

రాంచందర్ లైసెన్సు కాగితం తిరగేసి చూశాడు. ఈ అవస్థ నిబంధనల్లో లేదు. వెంటనే కమిటీని కూర్చోబెట్టాడు. తడుస్తున్న పత్తి సగం వార్త, సగం పుకారు కనుక రెండు ఉపసంఘాలు వేయాలని తీర్మానం మొదలైంది. చినుకులూ మొదలయ్యాయి.

“సారూ, వాన షురువైంది! గిప్పుడన్న చెప్పుండ్రి!”

“మీటింగ్ నడుస్తుంది అవ్వా. జర ఓపిక పట్టు.”

“నీ మీటింగుల మన్నువడ! అప్పుదెచ్చి పెట్టిన పంట! నీళ్లపాలైతాంది!”

మహేశ్వరి ఆగలేకపోయింది. “సార్, గేటు అని ఒక్క మాట అంట.”

“గేటు అంటె నీ నౌకరి పోతది. మునగాకు చెప్పు.”

ఆమె మైకు దగ్గరికి జరిగింది. “శ్రోతలారా, మునగాకు తడిస్తే ఎందుకూ పనికిరాదు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వారు వెంటనే తలుపు తీసి లోపల పెట్టించండి. దయచేసి ఇప్పుడే లేవండి.” చివరి మాట రెండుసార్లు అంది. (ఆకు మీద ఇంత ప్రేమా అని కమిటీ మెచ్చుకుంది.)

కార్యదర్శి బాలమల్లు విన్నాడు. చాయ్ గ్లాసు వదిలాడు. తాళంచెవి తీసుకుని ఉరికాడు, ఇంటికి. డాబా మీద ఆరబోసిన మునగాకు ఒక్క రెబ్బ తడవకుండా లోపల పెట్టించాడు.

వాన వెలిశాక ఆయన యార్డుకు వచ్చి గేటు తీశాడు. కనకవ్వ పత్తిలో చెయ్యి పెట్టి పిండాడు. నీళ్లు కారాయి. తేమ ఎక్కువుంది, కొనడం కుదరదన్నాడు. ఆమె ట్రాక్టర్ చక్రం పట్టుకుని కూలబడింది. ఆయన మనసు నిజంగానే కరిగింది.

“గింత పరేషాన్ ఉన్నప్పుడు రేడియోకు ఒక్క ఫోన్ కొట్టకపోయినవా అవ్వా?” అన్నాడు.