పన్నెండు వందల మంది చందాదారులకు సంతాప సభ

నిరుడు ఒక ఆదివారం ఉదయం, పన్నెండు వందల మంది పాఠకుల అకాల మరణానికి మా బ్లాగర్ల సంఘం జరిపిన సంతాప సభ దిగ్విజయమైందని ఈ వార్షిక నివేదికలో తెలియజేయడానికి కార్యదర్శిగా సంతోషిస్తున్నాను.

పోయినవారు మా పళ్ళ డాక్టరు గారి బ్లాగు ఫీడుకు చందాదారులు. కొత్త టపా రాయగానే దాన్ని పాఠకుడి కంప్యూటరుకు చేరవేసేది ఫీడు. చేరవేయించుకునేవాడు చందాదారు. పైసా ఖర్చు లేదు, చదవాలన్న నిర్బంధం అసలే లేదు. మా సభ్యులందరం ఒకరికొకరం చందాదారులమే, ఒకరిదొకరం చదివిన పాపాన పోలేదు.

శనివారం పొద్దున 1,211 ఉన్న డాక్టరు గారి అంకె మధ్యాహ్నానికి పదకొండుకు దిగింది. సోమవారమే మా సంఘం అధ్యక్ష ఎన్నిక. వెయ్యి దాటనివారు పోటీకి పనికిరారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన తన ధారావాహికను పదిహేడో భాగంతో ఆపేస్తున్నానని ప్రకటించారు. కథలో అక్క, చెల్లెల్ని వెతుక్కుంటూ ఊరుకాని ఊళ్ళో అప్పుడే బస్సు దిగింది. ఇంకెవరి కోసం రాయాలని డాక్టరు గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

సభ ఆయన క్లినిక్కులోనే జరిగింది. కుర్చీలు చాలక అప్పటి అధ్యక్షులు వకీలు గారు పళ్ళు పీకే కుర్చీలో వెనక్కి వాలి ప్రసంగించారు. "అంకె అబద్ధమాడదు. ఒక్క పూటలో పన్నెండు వందల మంది కలిసి పోయారంటే, వారి మధ్య ఎంత ఐకమత్యముండేదో ఊహించండి" అన్నారు. లెక్కపెట్టే యంత్రం చెడిందేమోనని నేను నసిగితే, చావింట్లో అవేం మాటలని కసిరారు.

మౌనం పాటిస్తుండగా పక్కవీధి దర్జీ ఆవిడ లోపలికొచ్చింది. పన్నునొప్పి అనుకున్నాం.

"డాక్టరు గారూ, ఆ అక్కకి చెల్లెలి ఇల్లు దొరికిందాండీ? నిన్నట్నించి మిషను మీద చెయ్యి ఆడట్లేదు" అంది.

డాక్టరు గారి ముఖం వెలిగిందన్నది నిజం. వకీలు గారు వెంటనే విచారణ చేపట్టి, ఫీడులో ఎప్పుడు చేరావమ్మా అని అడిగారు.

"అవన్నీ నాకు తెలీవండీ. పొద్దున్నే ఫోన్లో పేరు కొట్టి చూస్తా. కొత్తది లేకపోతే పాతదే మళ్ళీ చదువుకుంటా."

మిగిలిన పదకొండు మందీ ఎవరో లెక్కేశాం. ఎనిమిది మంది మేము. మూడు డాక్టరు గారి సొంత కంప్యూటర్లు, అందులో ఒకటి అటక మీద ఉంది. ఆమెకు చోటు లేదు. కాబట్టి ఆమె పాఠకురాలు కాదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. డాక్టరు గారూ చెయ్యెత్తారు, కాస్త ఆలస్యంగా.

సోమవారం పొద్దున 1,211 మందీ బతికొచ్చారు. యంత్రం మొరాయించిందట. డాక్టరు గారు అధ్యక్షులయ్యారు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమని ఒకరిద్దరు గొణిగారు గానీ, అది నివేదికకెక్కే మాట కాదు.

పదవీ బాధ్యతల వల్ల ధారావాహికకు తీరిక దొరకలేదు. అక్క ఏడాదిగా బస్టాండులోనే నిలబడి ఉంది. ఆమె ఏమైందని చందాదారుల్లో ఒక్కరూ అడగలేదు, ఇంత నిబ్బరమున్న పాఠకులు అరుదు. దర్జీ ఆవిడ ఇప్పటికీ రోజూ పొద్దున్నే చూస్తోందని వినికిడి, కానీ అందుకు లెక్కల్లో ఆధారం లేదు.

డాక్టరు గారి చందాదారులు ఇప్పుడు రెండు వేలు దాటారు. ఈ నివేదిక ఫీడులో మీకూ చేరింది. చదవక్కర్లేదు, మిమ్మల్ని లెక్కలో వేసేసుకున్నాం.